మెదడు, వెన్నుపాము రోగులకు నర్సింగ్ సేవ: రెండో దెబ్బను ఆపే పని

ద్విచక్ర వాహనం మీంచి పడి తలకు గాయమైనా, మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినా, తాటిచెట్టు మీంచి జారిపడిన గీత కార్మికుడికి వెన్నుపాము నలిగినా, నష్టంలో కొంతభాగం ఆ క్షణంలోనే జరిగిపోతుంది. చనిపోయిన నాడీకణాలను తిరిగి బతికించే మందు నేటికీ లేదు. కానీ రోగి భవితవ్యం ఆ మొదటి దెబ్బతోనే తేలిపోదు. ఆ తరువాతి గంటల్లో మెదడు వాస్తుంది, రక్తపోటు పడిపోతుంది, ఊపిరి సరిగా ఆడదు, జ్వరం పెరుగుతుంది. ఆ తరువాతి రోజుల్లో తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వీపు మీద పుండు పడుతుంది, మూత్రం నిలిచిపోతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. మొదటి దెబ్బ నుంచి తేరుకోగల రోగిని పడగొట్టేది చాలాసార్లు ఈ రెండో దెబ్బే.

శస్త్రచికిత్స చేసే వైద్యుడు రోగి దగ్గర కొన్ని గంటలు ఉంటాడు. మిగిలిన సమయమంతా మంచం పక్కన ఉండేది నర్సు. నాడీ వ్యాధుల విభాగంలో నర్సింగ్ అంటే వైద్యుడు రాసిన మందులు వేళకు ఇవ్వడం మాత్రమే కాదు. రెండో దెబ్బ ఏ వైపు నుంచి వస్తుందో ముందుగా కనిపెట్టి దాన్ని అడ్డుకోవడమే అందులో ప్రధానమైన పని. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ప్రాణాలతో బయటపడి తలకో వెన్నుకో గాయంతో ఆసుపత్రి చేరినవారి భారం ఆ లెక్కలో కనిపించదు. అది వార్డుల్లో నర్సుల మీద, ఆ తరువాత ఇళ్లలో కుటుంబాల మీద పడుతుంది.

స్పృహను కొలిచే పద్ధతి

‘స్పృహ ఉంది’, ‘మగతగా ఉన్నాడు’, ‘పలకడం లేదు’ అనే మాటలు ఒక్కొక్కరి నోట ఒక్కో అర్థాన్ని ఇస్తాయి. ఉదయం నర్సు ‘మగత’ అని రాసిన స్థితిని రాత్రి నర్సు ‘నిద్ర’ అనుకోవచ్చు. ఈ అయోమయాన్ని తొలగించడానికి స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే నాడీ శస్త్రవైద్యులు 1974లో ఒక కొలమానాన్ని ప్రకటించారు. అదే గ్లాస్గో కోమా స్కేలు. నేడు వాడుకలో ఉన్న రూపంలో అది మూడు విషయాలను చూస్తుంది. కళ్లు తెరవడానికి నాలుగు మార్కులు, మాటకు ఐదు, కాలుచేతుల కదలికకు ఆరు. పూర్తి మెలకువలో ఉన్న మనిషికి 15 వస్తాయి, ఏ స్పందనా లేని రోగికి 3 వస్తాయి. తలగాయం తగిలినవారిలో 13 నుంచి 15 వరకు స్వల్పమనీ, 9 నుంచి 12 వరకు మధ్యస్థమనీ, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమనీ పరిగణిస్తారు. తీవ్రస్థితిలో ఉన్న రోగి తన శ్వాసమార్గాన్ని తానే కాపాడుకోలేకపోవచ్చు.

మార్కుల మొత్తం కంటే విడి మార్కులు ఎక్కువ చెబుతాయి. అందుకే అనుభవమున్న నర్సులు ‘పది’ అని ఊరుకోరు. కళ్లు మూడు, మాట రెండు, కదలిక ఐదు అని విడివిడిగా రాస్తారు. ఒకసారి చూసిన మార్కు కంటే అది ఎటు నడుస్తోందన్నది ఇంకా ముఖ్యం. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం తలగాయం రోగికి మార్కులు 15కు చేరేదాకా అరగంటకోసారి చూడాలి. చేరిన తరువాత కూడా రెండు గంటల పాటు అరగంటకోసారి, నాలుగు గంటల పాటు గంటకోసారి, ఆపై రెండు గంటలకోసారి చూడాలి. తలగాయాల్లో కొన్నింటికి మోసపూరితమైన విరామం ఉంటుంది. పడిన మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు, ఇంటికి పోతానంటాడు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య తెగిన రక్తనాళం మాత్రం స్రవిస్తూనే ఉంటుంది. రెండు మూడు గంటల్లో అతడు మగతలోకి జారిపోతాడు. ‘అలసిపోయాడు, పడుకోనివ్వండి’ అని బంధువులు అనే సమయం సరిగ్గా ఇదే. మద్యం వాసన వస్తుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మత్తు వల్లే పలకడం లేదని అందరూ సరిపెట్టుకుంటారు. గురక పెద్దదైతే బాగా నిద్రపట్టిందని సంతోషిస్తారు. స్పృహ తగ్గిన రోగిలో గురక అంటే నాలుక వెనక్కి జారి ఊపిరి దారికి అడ్డుపడుతోందని అర్థం.

మన దేశంలో ఈ కొలమానానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మాటకు ఇచ్చే ఐదు మార్కులు రోగీ నర్సూ ఒకే భాషలో మాట్లాడుకుంటారన్న ఊహ మీద నిలబడ్డాయి. అనంతపురం నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కు, చిత్తూరు నుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వెళ్లే తెలుగు రోగులు ఎందరో ఉన్నారు. హైదరాబాదు ఆసుపత్రుల్లో మలయాళం మాతృభాషగా గల నర్సులు, ఒడియా, భోజ్‌పురి మాట్లాడే వలస కూలీలు ఎదురుపడటం రోజూ జరిగేదే. ప్రశ్న అర్థంకాక మౌనంగా చూసిన రోగికి ‘అయోమయంగా ఉన్నాడు’ అని నాలుగో మూడో వేస్తే, తరువాత నిజంగా మార్కు పడిపోయినప్పుడు ఆ తేడా కనిపించదు. కాబట్టి మొదటి పరీక్ష సమయంలోనే రోగి భాష తెలిసినవారిని పక్కన ఉంచుకుని అడగడం, ఏ భాషలో అడిగారో చార్టులో రాయడం మంచి వార్డుల్లో అలవాటుగా మారాలి. తేదీ చెప్పలేని పల్లెటూరి వృద్ధురాలు ‘శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం దాటింది’ అంటే ఆమెకు కాలజ్ఞానం నిక్షేపంగా ఉన్నట్టే, పూర్తి మార్కులు వేయవలసిందే. శ్వాసనాళంలో గొట్టం వేసిన రోగికి మాట పరీక్షే కుదరదు. అక్కడ అంకెకు బదులు గొట్టం ఉందని సూచించే గుర్తు రాస్తారు.

కొలమానంతోపాటు కనుపాపలు కూడా చూస్తారు. రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయా, వెలుగు పడగానే ముడుచుకుంటున్నాయా అన్నది ప్రశ్న. ఒక కనుపాప క్రమంగా పెద్దదై వెలుగుకు కదలకపోతే ఆ వైపు మెదడు కిందికి నొక్కుకుపోతోందని అనుమానించాలి. రక్తపోటు పెరుగుతూ, నాడి నెమ్మదిస్తూ, శ్వాస లయ తప్పడం పుర్రెలో ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగిందనడానికి పేరున్న లక్షణాలే అయినా అవి ఆలస్యంగా వచ్చే సంకేతాలు. అవి కనిపించేదాకా ఆగితే సమయం మించిపోతుంది. మార్కుల్లో రెండు తగ్గినా, కదలికల్లో ఒక్కటి తగ్గి అలాగే నిలిచినా, అర్ధరాత్రి అయినా వైద్యుడిని పిలిచే అధికారం నర్సుకు ఉండాలి. ఆ పిలుపుకు విసుక్కునే చోట ఎంత ఖరీదైన స్కానింగ్ యంత్రం ఉన్నా ప్రయోజనం పరిమితమే.

తలను ఎలా ఉంచాలి

పుర్రె సాగే గుణం లేని పెట్టె వంటిది. అందులో మెదడు, రక్తం, నాడీద్రవం ఇమిడి ఉంటాయి. వాపు వచ్చినప్పుడు ఏదో ఒకటి తగ్గాలి, లేదా ఒత్తిడి పెరగాలి. తీవ్రమైన తలగాయంలో మంచం తలవైపును సుమారు 30 డిగ్రీలు ఎత్తడం, మెడను పక్కకు వాలిపోకుండా నిటారుగా ఉంచడం వల్ల తలలోంచి రక్తం కిందికి సులువుగా దిగుతుంది. మెడ చుట్టూ బిగించిన పట్టీ లేదా శ్వాసగొట్టాన్ని కట్టిన తాడు ఆ రక్తనాళాలను నొక్కితే ఎత్తిన ఫలితం పోతుంది. గొంతులో కఫం లాగే సక్షన్ గొట్టాన్ని ఎక్కువసేపు ఉంచినా, మలబద్ధకంతో రోగి ముక్కినా, దగ్గు తెరలు తెరలుగా వచ్చినా తలలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కఫం లాగడం, పక్క మార్చడం, స్నానం చేయించడం అన్నీ ఒకదాని వెంట ఒకటి చేయకుండా మధ్యలో విశ్రాంతి ఇస్తారు. వార్డులో చూసేవారికి ఇది నర్సు నింపాదితనంలా కనిపించవచ్చు. నిజానికి అది లెక్కప్రకారం చేసే పని.

పక్షవాతంలో మాత్రం ఈ నియమం అంత సూటిగా వర్తించదు. మన దేశంతో సహా తొమ్మిది దేశాల్లో 11,093 మంది రోగులపై జరిపి 2017లో ప్రచురించిన హెడ్‌పోస్ట్ పరీక్షలో మొదటి 24 గంటలు సమతలంగా పడుకోబెట్టినవారికీ, తల ఎత్తి ఉంచినవారికీ వైకల్యంలో తేడా కనిపించలేదు. ఒక రోగికి మేలు చేసిన భంగిమ మరో రోగికి అక్కర్లేకపోవచ్చు. పక్క మంచం వారిని చూసి బంధువులు మంచం పిడి తిప్పకుండా ఉండటం మంచిది.

పొలమారడం, పొలమారకపోవడం

పక్షవాతం వచ్చిన రోగికి ఆసుపత్రి వార్డులో జరిగే అత్యంత సాధారణమైన అపకారం ప్రేమతోనే జరుగుతుంది. ‘పొద్దుటినుంచి ఏమీ తినలేదు’ అని ఇంటివారు చెంచాతో కొబ్బరి నీళ్లు పోస్తారు. మింగడాన్ని నడిపించే కండరాలు దెబ్బతిన్నప్పుడు నోట్లో పోసినది అన్నవాహికలోకి పోవాలనేమీ లేదు. పలుచని ద్రవాలు మరీ ప్రమాదకరం. నోరు సిద్ధపడేలోపే అవి శ్వాసనాళంలోకి జారుతాయి. ఎవరైనా పొలమారితే దూరాన ఉన్నవారెవరో తలుచుకుంటున్నారని మనవాళ్లు అంటారు. నాడీ రోగి విషయంలో పొలమారడం కంటే పొలమారకపోవడమే ఎక్కువ భయపెట్టాలి. గొంతులో స్పర్శ పోయిన రోగికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాదు. రెండో రోజో మూడో రోజో జ్వరం, ఆయాసం వస్తాయి. అప్పటికి న్యుమోనియా పట్టేసి ఉంటుంది.

అందువల్ల మింగగలడో లేదో పరీక్షించేవరకు నోటిద్వారా ఏదీ, మాత్ర సైతం, ఇవ్వకూడదన్నది పక్షవాతం విభాగాల్లో మొదటి నియమం. శిక్షణ పొందిన నర్సే ఈ పరీక్ష చేయగలరు. రోగి మెలకువగా, నిటారుగా కూర్చున్నప్పుడు కొద్ది కొద్దిగా నీళ్లు ఇచ్చి దగ్గు, గొంతు మారడం, మాట తడిగా గరగరలాడటం, నోటి చివర నుంచి కారడం గమనిస్తారు. మాట తడిగా వినిపిస్తే దగ్గు లేకపోయినా ఆపేయాలి.

ఈ చిన్న పని ఎంత పెద్ద ఫలితాన్ని ఇస్తుందో ఆస్ట్రేలియాలో తేలింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని 19 పక్షవాతం విభాగాల్లో నర్సింగ్ ఆచార్యురాలు శాండీ మిడిల్టన్ బృందం జరిపిన అధ్యయనం 2011లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కొన్ని విభాగాల్లో మొదటి 72 గంటలు జ్వరాన్ని, రక్తంలో చక్కెరను, మింగే శక్తిని నర్సులు ఒక క్రమం ప్రకారం చూసి వెంటనే సరిదిద్దారు. మిగిలినచోట్ల మామూలు పద్ధతి సాగింది. 90 రోజులకు మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడే స్థితిలో మిగిలినవారు మామూలు పద్ధతిలో 58 శాతం, నర్సుల క్రమం పాటించిన చోట 42 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. థర్మామీటరు, గ్లూకోమీటరు, గ్లాసెడు నీళ్లు ఉన్నాయి. నాడీవైద్య పరిశోధనల్లో ఇంత చవకగా ఇంత తేడా చూపిన ఫలితాలు అరుదు. అయినా రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు దొరికిన ప్రచారంలో వందో వంతు కూడా దీనికి దొరకలేదు. ఆ ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు వచ్చినవారికే పనికొస్తుంది. మింగే పరీక్ష ఎంత ఆలస్యంగా వచ్చిన రోగికైనా పనికొస్తుంది.

పరీక్షలో తప్పినవారికి ముక్కుగుండా కడుపులోకి గొట్టం వేస్తారు. వార్డు భాషలో అది రైల్స్ ట్యూబు. ప్రతిసారీ ఆహారం పోసేముందు గొట్టం మీద వేసిన గుర్తు కదలలేదని చూడాలి. తల ఎత్తి పోయాలి. పోసిన తరువాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. నోటితో తినడం లేదు కాబట్టి నోరు కడగనక్కర్లేదని చాలామంది భావిస్తారు. నిజం దీనికి విరుద్ధం. ఎండిన నోట్లో పెరిగిన సూక్ష్మక్రిములే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మింగే శక్తి తిరిగి వస్తున్నప్పుడు మొదట ఇవ్వవలసినది మంచినీళ్లు కాదు. చెంచాలో నిలిచేంత చిక్కని రాగి జావ, మెత్తగా చిదిపిన ఇడ్లీ వంటివి ఇవ్వాలి. అది కూడా నర్సు లేదా స్పీచ్ థెరపిస్టు చెప్పిన చిక్కదనంలోనే.

వీపు, మడమ, మూత్రాశయం

జర్మనీ నుంచి 1939లో బ్రిటన్‌కు తరలివచ్చిన నాడీవైద్యుడు లుడ్‌విగ్ గట్‌మన్ 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించేనాటికి, నడుము కింది భాగం చచ్చుబడిన సైనికుడికి ఆయుష్షు తీరినట్టేనని వైద్యలోకం భావించేది. వారిలో ఎక్కువమందిని చంపింది వెన్నుగాయం కాదు. పుండ్ల నుంచి, మూత్రాశయం నుంచి రక్తంలోకి పాకిన విషక్రిములు. గట్‌మన్ పెట్టిన నియమాలు వినడానికి సాధారణమైనవి. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి, మూత్రాశయం ఖాళీ చేసే పనిలో శుభ్రత పాటించాలి. వాటిని అమలు చేసినవారు నర్సులు, ఆసుపత్రి సహాయకులు. రోగులు బతకడం మొదలైంది. 1948లో అక్కడే మొదలైన చక్రాల కుర్చీ క్రీడలు కాలక్రమంలో పారాలింపిక్స్ అయ్యాయి.

ఒత్తిడి పుండు ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మంలో పుడుతుంది. నడుము దిగువ ఎముక, తుంటి, మడమలు, తల వెనుక భాగం దాని స్థావరాలు. స్పర్శ ఉన్న మనిషి నిద్రలో కూడా తెలియకుండానే కదులుతాడు. స్పర్శ పోయినవాడికి ఆ కాపలా ఉండదు. చర్మం మీద ఎర్రని మచ్చ కనిపించి వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. చేత్తో తాకి వేడి, గట్టిదనం చూడాలి. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు చదివి వచ్చిన కొత్త నర్సులకు మన వార్డుల్లో మొదట నేర్పవలసిన మెలకువ ఇది. ఎర్రబడినచోట నూనెపెట్టి గట్టిగా మర్దన చేయడం, మధ్యలో రంధ్రమున్న రబ్బరు రింగు మీద కూర్చోబెట్టడం రెండూ హాని చేస్తాయి. గాలి పరుపు మంచిదే. అది ఉందని తిప్పడం మానేస్తే దాని వల్ల లాభం తగ్గిపోతుంది. వేసవిలో ప్లాస్టిక్ పట్టా మీద చెమట నిలిచి చర్మం నానిపోతుంది కనుక పలుచని నూలు దుప్పటి తరచూ మార్చడం అవసరం.

వెన్నెముక విరిగిందన్న అనుమానం ఉన్న రోగిని ఒక్కరు తిప్పకూడదు. నలుగురైదుగురు కలిసి, ఒకరు తలను పట్టుకుని ఆజ్ఞ ఇస్తుంటే, దుంగను దొర్లించినట్టు తల, భుజాలు, నడుము ఒకే వరుసలో కదలాలి. ప్రమాదస్థలంలో ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ల దగ్గర పట్టుకుని ఆటోలోకి ఎక్కించడం వల్ల వెన్నుపాముకు మిగిలిన కాస్త బలమూ పోయే ప్రమాదం ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సులో మెడ పట్టీ, గట్టి బల్ల ఉండటానికి కారణం ఇదే.

మూత్రం విషయం చాలామంది మాట్లాడటానికి మొహమాటపడతారు. వెన్నుపాము రోగి ఆయుష్షులో దానికి ప్రధాన పాత్ర ఉంది. ఎప్పుడూ లోపలే ఉంచే గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో వేరే దారి చూపాడు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన చేతులతో చిన్న గొట్టాన్ని పెట్టి, మూత్రం తీసి, వెంటనే గొట్టాన్ని తీసేయడం ఆ పద్ధతి. చేతులు పనిచేసే రోగి దీన్ని తానే నేర్చుకోగలడు. నేర్పేది నర్సు.

ఛాతీ పైభాగంలో, వైద్యుల లెక్కలో ఆరో ఛాతీ వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ, వెన్నుపాము తెగినవారికి మరో ఆపద ఉంది. మూత్రగొట్టం మడతపడి మూత్రాశయం ఉబ్బితే, ఆ విషయం వారికి స్పర్శగా తెలియదు. శరీరం మాత్రం ప్రతిస్పందిస్తుంది. హఠాత్తుగా తలపగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయం పైభాగంలో చెమటలు, రక్తపోటు విపరీతంగా పెరగడం జరుగుతాయి. అప్పుడు రోగిని పడుకోబెట్టకూడదు, లేపి కూర్చోబెట్టాలి. బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయాలి. మూత్రగొట్టం మడతను విప్పాలి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తలనొప్పి మాత్ర ఇచ్చి ఊరుకుంటే మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ సంగతి సాధారణ వార్డుల్లో అందరికీ తెలియకపోవచ్చు కనుక రోగి, ఇంటివారు తప్పక తెలుసుకోవాలి.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపారు. దేశంలో తొలితరం పునరావాస విభాగాల్లో అదొకటి. 1972లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

మూర్ఛ, ఊపిరి, మాట

ఫిట్స్ వచ్చిన రోగి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వల్ల మూర్ఛ ఆగదు. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తనిది పెట్టి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అది అత్యవసర స్థితి. ఏ చేతి నుంచి మొదలైంది, కళ్లు ఎటు తిరిగాయి అన్న వివరాలు వైద్యుడికి స్కానింగ్ అంతగా ఉపకరిస్తాయి. చూసినవారు చెబితేనే అవి తెలుస్తాయి.

2025 జనవరిలో పుణెలో పెద్ద సంఖ్యలో కేసులు బయటపడినప్పుడు గిలన్ బరే సిండ్రోమ్ పేరు దేశమంతటా వినిపించింది. కాళ్లలో మొదలైన బలహీనత పైకి పాకుతూ శ్వాస కండరాలను చేరగల వ్యాధి అది. రోగి ముఖం ప్రశాంతంగానే ఉంటుంది, వేలికి పెట్టిన యంత్రంలో ఆక్సిజన్ అంకె కూడా చివరిదాకా బాగానే కనిపించవచ్చు. అందుకే నర్సులు పరికరం అక్కర్లేని పరీక్ష ఒకటి చేస్తారు. గుండెలనిండా ఊపిరి పీల్చి, ఒకే గుక్కలో అంకెలు లెక్కపెట్టమంటారు. చెడుగుడు ఆటలో కూత విడవకుండా పోవడం లాంటిదే. ఉదయం ముప్పై దాకా వెళ్లిన లెక్క సాయంత్రానికి పదిహేను దగ్గర ఆగితే, రోగి బాగానే ఉన్నానన్నా వెంటిలేటరు ఉన్న గదికి మార్చే ఆలోచన చేయాలి.

ఎడమ మెదడుకు దెబ్బ తగిలి మాట పోయిన రోగికి తెలివి కూడా పోయిందని అనుకోవడం పెద్ద అన్యాయం. చాలామందికి ఎదుటివారి మాటలు అర్థమవుతాయి, తాము అనదలచినది మాత్రం నోటికి రాదు. వారి మంచం దగ్గర నిలబడి ఆసుపత్రి బిల్లు గురించి, ఆస్తి గురించి, ‘ఇంకెన్నాళ్లో’ అని మాట్లాడుకుంటారు. మంచి నర్సు ‘పెద్దాయనా, ఇప్పుడు ఇటు తిప్పుతున్నాం’ అని చెప్పి మరీ తిప్పుతుంది. ఒకసారికి ఒకే ప్రశ్న, అవును కాదు అని తలూపగలిగే ప్రశ్న అడుగుతుంది. జవాబుకు సమయం ఇస్తుంది. స్పృహలేని రోగితో కూడా అలాగే మాట్లాడుతుంది.

ఇంటికి చేరిన తరువాత

మన దేశంలో పునరావాస కేంద్రాలు తక్కువ, ఉన్నవి పెద్ద నగరాల్లో ఉన్నాయి. పక్షవాతం రోగి వారం పది రోజుల్లో ఇంటికి చేరతాడు. ఆపై నర్సు పని భార్యకో కోడలికో కూతురికో అప్పగింతవుతుంది. మగవారికి ఈ పని నేర్పే అలవాటు ఇంకా మనకు పెరగలేదు.

కుటుంబానికే వ్యాయామం నేర్పి రోగిని కోలుకునేలా చేయగలమా అన్న ప్రశ్నతో దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగులపై అటెండ్ అనే పరీక్ష జరిగింది. దాని ఫలితం 2017లో వెలువడింది. ఇంటివారికి ప్రత్యేక శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ, ఇవ్వని వర్గంలోనూ ఆరు నెలలకు మరణించినవారు లేదా పరాధీనంగా మిగిలినవారు 47 శాతమే. ఇది నిరాశపరచిన ఫలితం. దీని నుంచి కుటుంబ సేవ వృథా అన్న అర్థం తీయకూడదు. ఫిజియోథెరపిస్టు, నర్సు చేయవలసిన పునరావాసాన్ని ఇంటి ఆడవాళ్ల మీదికి నెట్టి ప్రభుత్వాలు చేతులు దులుపుకోలేవని దీని నుంచి గ్రహించాలి. పుండు పడకుండా, పొలమారకుండా, భుజం జారకుండా చూసే పని మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు చేయక తప్పదు.

భుజం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చచ్చుబడిన చేతికి కండరాల పట్టు ఉండదు, కీలు తన బరువుకే కిందికి జారుతుంది. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చేయి పట్టి లాగితే కొద్దికాలంలోనే భరించలేని నొప్పి మొదలవుతుంది, ఆపై రోగి వ్యాయామానికే ఒప్పుకోడు. కూర్చున్నప్పుడు ఆ చేతికింద దిండు పెట్టాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే మర్దన చేయకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వైద్యుడికి చూపాలి.

ఈ పని నేర్పగల నర్సులను తయారుచేయడానికి భారత నర్సింగ్ మండలి రూపొందించిన ఏడాది నాడీశాస్త్ర నర్సింగ్ డిప్లొమా ఉంది. పేషెంట్ల సంఖ్యతో పోలిస్తే చదివి వచ్చేవారు బహు కొద్దిమంది. జిల్లా ఆసుపత్రిలో ఆ చదువున్న నర్సు ఒక్కరున్నా మిగిలినవారికి మింగే పరీక్షను, స్పృహ కొలతను నేర్పగలరు. శాశ్వత వైకల్యం మిగిలినవారు 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, దీర్ఘకాలిక నాడీవ్యాధులు ఉన్నాయి.

డిశ్చార్జి రోజున మందుల చీటీ ఒక్కటే చదివించుకుని రాకూడదు. ఇంట్లో చూసుకోబోయే వ్యక్తి గొట్టంలో ఆహారం పోయడం, రోగిని పక్కకు తిప్పడం, మూత్రసంచి ఖాళీ చేయడం నర్సు కళ్లముందు ఒక్కొక్కసారి స్వయంగా చేసి చూపించాలి. తప్పుచేస్తే అక్కడే సరిదిద్దుతారు. రాత్రివేళ ముక్కు గొట్టం ఊడివస్తే తిరిగి దూర్చడానికి ప్రయత్నించకూడదు, ఆకలిగా ఉంటుందని నోట్లో పోయకూడదు. తల ఎత్తి పడుకోబెట్టి, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకుపోవచ్చు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్న రోగి అయితే తెల్లవారేదాకా ఆగకుండా, చక్కెర చూసి, ఆ రాత్రే బయలుదేరాలి.